క్లారీ వెనక పన్నెండు మీటర్లు

శనివారం పొద్దున్న ఆరింటికి నారింగ్ పోస్టాఫీసు మూల మీద పాతికమంది దాకా సైకిళ్లు పట్టుకుని నిలబడతారు. వాన పడినా నిలబడతారు. సముద్రం మీంచి వచ్చే నైరుతి గాలి టోపీలు లాక్కుపోయే రోజైనా నిలబడతారు. ఆరూ అయిదుకి ఎవరో ఒకరు "పదండి పదండి, కాఫీ చల్లారిపోతోంది" అంటారు. ఆ కాఫీ ఎనిమిదిన్నరకి గానీ దొరకదు, అది వేరే సంగతి. ఇద్దరిద్దరుగా వరసలు కట్టి, ఉల్లి పొలాల పక్కనుంచి, జున్ను ఫ్యాక్టరీ గుట్టెక్కి, లైట్‌హౌస్ దాకా ఇరవై మూడు కిలోమీటర్లు తొక్కి, మళ్లీ అదే దారిన తిరిగొస్తారు. ఊరి సైకిల్ క్లబ్బు పుట్టినప్పట్నుంచీ ఇదే ఆనవాయితీ.

ఆ గుంపులో రెండో వరసలో, గట్టు పక్కన, ఒక సైకిల్ పట్టేంత చోటు ఖాళీగా వదులుతారు. అది క్లారీ చోటు. క్లారీ మెకల్పైన్ నలభై ఏళ్లు జున్ను ఫ్యాక్టరీకి పాల ట్యాంకరు తోలాడు, అంతకంటే ఎక్కువ ఏళ్లు ఆ చోట సైకిల్ తొక్కాడు, పోయి రెండేళ్లయింది. సైకిల్ పందాల వాళ్లకి ఒక సంగతి బాగా తెలుసు: ముందువాడి వెనక చక్రానికి జానెడు దూరంలో తొక్కితే గాలంతా వాడే తింటాడు, వెనకవాడికి సగం కష్టమే మిగులుతుంది. క్లారీ బతికున్నప్పుడు ఆయన వెనక గాలి ఉండేది కాదు. పోయాక కూడా లేదు. వాన రోజుల్లో అయితే కంటికే కనబడేది. చినుకులన్నీ ఏటవాలుగా వచ్చి, ఆ ఖాళీ దగ్గర చీలి పక్కలకి పోయేవి.

కొత్తగా చేరినవాళ్లు తెలియక ఆ ఖాళీలోకి దూరబోతే వెనకనుంచి కేకలు పడేవి. "ఓయ్, కళ్లు కనబడట్లేదా? అక్కడ క్లారీ ఉన్నాడు!" వాళ్లు "అయ్యో, సారీ" అని పక్కకి తప్పుకునేవాళ్లు. అంతే. క్లారీకి ముందు బెరిల్ అనే ఆవిడ చోటు కూడా అలాగే ఉండేదట. బెరిల్ చెల్లెలు మోకాళ్ల నొప్పులతో సైకిల్ మానేసింది. వరసగా మూడు శనివారాలు ఆ ఖాళీ వెనక ఎవరూ తొక్కలేదు. నాలుగో శనివారం అక్కడ అందరిమీదా కొట్టినట్టే గాలి కొట్టింది. అలాంటి చోటు అయినవాళ్లు వెనక ఉన్నంతకాలమే నిలుస్తుంది, వేరేవాళ్లు తొక్కితే నిలవదు.

క్లారీ చోటు వెనక తొక్కేది ఆయన కూతురు డెల్విన్. యాభై ఏళ్ల మనిషి, స్కూలు బస్సు తోలుతుంది. తొమ్మిదో ఏట చిన్న సైకిల్ మీద మొదటిసారి లైట్‌హౌస్ దాకా బయల్దేరినప్పుడు ఎదురుగాలికి ఏడుపొచ్చేసింది. అప్పుడు క్లారీ వెనక్కి తిరక్కుండానే అన్నాడు, "రోడ్డు చూడకు తల్లీ, నా జేబు చూడు. నా చక్రం వదలకు." ఆయన చొక్కా వెనక జేబులో జామ్ శాండ్‌విచ్ పొట్లం, దాని పక్కనుంచి బయటికి వేలాడే ఎర్ర గళ్ల చేతిరుమాలు. డెల్విన్ ఆ రుమాలు చూస్తూ వెళ్లింది, చూస్తూ వచ్చింది. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లు చూసింది. లెక్క తీస్తే ఆమె తండ్రి మొహం కంటే వీపే ఎక్కువ చూసి ఉంటుంది. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ముందు ఆ రుమాలే కనబడుతుంది, ఆ తర్వాతే మొహం.

తండ్రి పోయిన ఏడాది చలికాలంలో డెల్విన్‌కి ఇంట్లో కాలు నిలవలేదు. పొద్దున్నే సముద్రంలో ఈదే ఆడవాళ్లతో చేరింది. ఈదాక ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చేది. ఈత ఉంది, పరుగు ఉంది, సైకిల్ ఎలాగూ ఉంది, ఇంకేం కావాలని అందరూ ఎగదోస్తే ఊళ్లో మార్చి నెలలో జరిగే ట్రయాథ్లాన్‌కి పేరిచ్చింది. రెండు కిలోమీటర్లు ఈత, లైట్‌హౌస్ దారిలో రెండు చుట్లు సైకిల్, ఆపైన ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. పన్నెండున్నర లోపు సైకిల్ దిగకపోతే పరుగుకి పోనివ్వరు.

ఈ పందెంలో మాత్రం ఒకరి చాటున ఒకరు తొక్కకూడదు. ముందువాడికి పన్నెండు మీటర్ల దూరం ఉండాల్సిందే. ఆ దూరంలోకి వెళ్తే పాతిక సెకన్లలో దాటేయాలి, లేదా వెనక్కి తగ్గాలి. దాటించుకున్నవాడు మళ్లీ పన్నెండు మీటర్లు వెనక్కి జరగాలి. ఇవన్నీ చూడ్డానికి మోటార్‌సైకిల్ వెనక సీటు మీద అంపైర్ తిరుగుతూ ఉంటుంది. నారింగ్‌లో ఆ అంపైర్ ఫిలిప్పా. మామూలు రోజుల్లో లైబ్రరీ నడుపుతుంది. పుస్తకం ఒక్కరోజు ఆలస్యమైనా కళ్లద్దాల మీంచి చూసే రకం.

మొదటి ఏడాది డెల్విన్ తండ్రి పాత రోడ్డు సైకిల్ మీదే పందేనికి దిగింది. ఉల్లి పొలాలు దాటగానే ఎదురుగాలి ఆగిపోయింది. శనివారం కాకపోయినా, గుంపు లేకపోయినా క్లారీ వచ్చాడు. డెల్విన్ ఏ ఆలోచనా లేకుండా, ఒంటికున్న అలవాటు కొద్దీ, జానెడు దూరంలో సర్దుకుంది. మూడు కిలోమీటర్లు అలాగే తొక్కింది. పక్కకి మోటార్‌సైకిల్ వచ్చింది. దూరం పాటించనివాళ్లకి చూపే నీలం కార్డు ఫిలిప్పా చూపించింది.

"ఎందుకు? ముందెవరూ లేరుగా!"

"క్లారీ ఉన్నాడు," అంది ఫిలిప్పా.

"నాన్న పోయాడు ఫిలిప్పా."

"అది నాకు తెలీదా, పువ్వులు నేనే తెచ్చాను. రూల్సు పుస్తకంలో పన్నెండు మీటర్లని రాసుంది డెల్. ముందున్నవాడు బతికున్నాడా లేదా అని అడగలేదు. అయిదు నిమిషాలు, ఆ శిక్ష డేరాలో."

అది న్యాయమేనని డెల్విన్‌కీ తెలుసు. అయిదు నిమిషాలు డేరాలో కూర్చుంది. సైకిల్ దిగే చోటికి పన్నెండూ ముప్పై నాలుగుకి చేరింది. ఇక పందెంలో లేనట్టే, ఫిలిప్పానే వంగి ఆమె కాలికున్న, సమయం లెక్కగట్టే పట్టీ విప్పింది. విప్పుతున్నంతసేపూ తల పైకెత్తలేదు.

ఆ శీతాకాలంలో పాత సైకిల్ చట్రం అతుకు దగ్గర పగిలింది. కొత్తది కొనక తప్పదు. రెండు కొనే తాహతు లేదు. అలా మొదలైంది పేచీ.

రెనాటో దుకాణంలో రెండు సైకిళ్లూ పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. రెనాటో తండ్రి ఇటలీ నుంచి చెరుకు నరకడానికి వచ్చి, చెరుకు నచ్చక దక్షిణానికి దిగి ఈ దుకాణం పెట్టాడట. రెనాటో నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇదిగో, ఇది రోడ్డు సైకిల్. మలుపు తిరగమంటే తిరుగుతుంది, ఆగమంటే ఆగుతుంది, గుట్ట మీద మేకలా ఎక్కుతుంది. గుంపులో తొక్కడానికి ఇంతకంటే మంచిది లేదు. క్లబ్బు పందెంలో పోయినేడాది నువ్వు మూడో స్థానం, దీనిమీదైతే గెలిచినా గెలుస్తావు. అది ట్రయాథ్లాన్ సైకిల్. ముందుకి పొడుచుకొచ్చిన ఆ రెండు కొమ్ములు చూశావా, మోచేతులు ఆనించి వాటిని పట్టుకుని పడుకున్నట్టు తొక్కాలి. గాలికి మనిషి దొరకడు. సీటు ముందుకుంటుంది, తొడలు అలిసిపోవు, దిగాక పరిగెత్తడానికి కాళ్లు మిగులుతాయి. కానీ చేతులు బ్రేకుల మీద ఉండవు కదా, దాన్ని మన గుంపులోకి రానివ్వరు."

"నాకు తెలుసు."

"ఒకటి మనుషులతో పోటీకి, ఒకటి గాలితో పోటీకి. నీ గొడవ ఎవరితో డెల్?"

"ఫిలిప్పాతో," అంది డెల్విన్. రెనాటో పగలబడి నవ్వాడు.

"రోడ్డు సైకిల్‌కే ఆ కొమ్ములు తగిలించుకుంటే?" అని ఆశగా అడిగింది.

"తగిలిస్తాను, ఎందుకు తగిలించను. స్విమ్మింగ్ డ్రెస్సులో చర్చికి వెళ్లినట్టుంటుంది. అక్కడా పనికిరావు, ఇక్కడా పనికిరావు. నడుం మాత్రం పోతుంది."

డెల్విన్ నవ్వలేదు. ఆమె లెక్క వేరు. ట్రయాథ్లాన్ సైకిల్ కొంటే మార్చి దాకా ప్రతి శనివారం దానిమీద ఒంటరిగా సాధన చేయాలి. వారమంతా పొద్దునా సాయంత్రం బస్సు, ఆదివారం పొడుగు పరుగు, దూరం సైకిల్ తొక్కే తీరిక శనివారమే. మూడు శనివారాలు చాలు, క్లారీ చోటు పోవడానికి. తండ్రిని ఒకసారి మట్టిలో పెట్టింది. రెండోసారి తన చేతులతో తానే పెట్టాలా? పోనీ రోడ్డు సైకిల్ కొని గుంపులోనే ఉంటే, పన్నెండూ ముప్పై నాలుగే తన బతుక్కి ఆఖరి లెక్క అయిపోతుంది. ఇక పందెం గురించి ఆలోచించనని ఎన్నిసార్లు అనుకున్నా, ఆ కాలి పట్టీ విప్పిన చోట చర్మం ఇంకా చురుక్కుమంటున్నట్టే ఉంది.

ఆరు వారాలు అలా నానబెట్టింది. అరువు తెచ్చుకున్న సైకిల్ మీద శనివారాలు వెళ్తూ, సోమవారాలు రెనాటో దుకాణానికి వచ్చి రెండు సైకిళ్ల చుట్టూ తిరిగి వెళ్లిపోయేది. "దుమ్ము దులిపే ఖర్చు నాకు తగ్గింది," అనేవాడు రెనాటో.

ఏడో సోమవారం వెళ్లేసరికి దుకాణం కిటికీలో కొక్కేనికి ఒక పాత ఆకుపచ్చ సైకిల్ వేలాడుతోంది. హ్యాండిల్‌కి దారంతో అట్టముక్క కట్టి ఉంది: 'అమ్మకానికి'. డెల్విన్ గుర్తుపట్టింది. అది నెవిల్‌ది. క్లారీకి చిన్ననాటి స్నేహితుడు, డెబ్భై తొమ్మిదేళ్లవాడు, చిన్నప్పట్నుంచీ ఆమెకి నెవ్ అంకుల్. లోపల బల్ల మీద కూర్చుని రెనాటో ఇచ్చిన బిస్కెట్ కాఫీలో ముంచుకుంటున్నాడు.

"అంకుల్, సైకిల్ అమ్మేస్తున్నావా?"

"మరేం చెయ్యను? ప్రతి శనివారం ఫ్యాక్టరీ గుట్ట దగ్గర మీరంతా నన్ను వదిలేసి పోతారు. అక్కణ్ణించి ఒక్కణ్ణే ఇంటికి. ఆవులు కూడా నన్ను చూసి జాలిపడుతున్నాయి." బిస్కెట్ విరిగి కాఫీలో పడింది. వేలితో దాన్ని వెతుక్కుంటూ అన్నాడు, "నా సంగతి వదిలెయ్. నీది తేలలేదా ఇంకా?"

"నాన్న చోటు పోతుందంకుల్."

నెవిల్ వేలు చొక్కాకి తుడుచుకున్నాడు. తర్వాత, "నీకు పదహారేళ్లప్పుడు, ఫ్యాక్టరీ గుట్ట మీద మీ నాన్న మోకాలి పక్కదాకా వచ్చావు, గుర్తుందా?" అన్నాడు.

గుర్తులేకేం. ఆ రోజు కాళ్లలో ఎక్కడి బలమో తెలీదు, సైకిల్ దానంతటదే పక్కకి వచ్చి ముందుకి జరిగింది. తండ్రి తల తిప్పి ఆమె వైపు చూశాడు. ఏమీ అనలేదు. ఆ చూపుకి ఏం అర్థం చెప్పుకోవాలో తెలియక, తప్పు చేసినదానిలా డెల్విన్ మళ్లీ ఆయన వెనక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇంకెప్పుడూ పక్కకి రాలేదు.

"ఆ సాయంత్రం బారులో మీ నాన్న ఏమన్నాడో తెలుసా? 'నెవ్, ఇవాళ పిల్ల నన్ను దాటేస్తుందనుకున్నాను రా. అందరికీ బీర్లు పోయిద్దామనుకున్నాను. వెనక్కి వెళ్లిపోయింది' అన్నాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ప్రతి గుట్ట మీదా కాస్త నెమ్మదించేవాడు. నేను తిట్టేవాణ్ణి కూడా, నీకేమైనా జబ్బా అని."

"నాకెందుకు చెప్పలేదు?" అంది డెల్విన్.

"చెప్తే ఏం లాభం, దాటమని చెప్పి దాటించుకుంటే అది దాటడమా అనేవాడు. నాకు మాత్రం, నీకు తెలిసే ఉంటుందిలే అనిపించేది. ముసలాణ్ణి, నేనేం కనిపెడతాను?"

డెల్విన్ కిటికీలోంచి రోడ్డు వైపు చాలాసేపు చూసింది. ప్రతి గుట్ట మీదా ఆయన నెమ్మదించినప్పుడల్లా, నాన్నకి వయసు మీదపడుతోందని తాను కూడా నెమ్మదించేది. ఇద్దరూ ఒకరికోసం ఒకరు అలా నెమ్మదిస్తూ ముప్పై ఏళ్లకి పైగా గడిపేశారు. కళ్లు తుడుచుకుని రెనాటో వైపు తిరిగింది.

"కొమ్ములది ఇవ్వు," అంది.

మొదటి శనివారం గుంపు కంటే ముందే, అయిదున్నరకే ఒంటరిగా బయల్దేరింది. పుట్టిబుద్ధెరిగాక ఆ రోడ్డు మీద గాలి అంతసేపు ఆమె మొహానికి కొట్టడం, ఆ పందెం రోజు తప్పితే, అదే మొదలు. చెవుల్లో హోరు, పళ్ల మధ్య ఉప్పు. లైట్‌హౌస్ చేరేసరికి తండ్రి ఇన్నేళ్లు ఏం మోశాడో అప్పుడు తెలిసొచ్చింది. అక్కడి గోడకి ఆనుకుని కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది.

నాలుగో శనివారం మధ్యాహ్నం నెవిల్ ఫోన్ చేశాడు. ఆయన గొంతు వినగానే ఆమెకి అర్థమైంది. "ఇవాళ అక్కడ అందరికీ కొట్టినట్టే కొట్టింది తల్లీ. వరస మూసేశారు." డెల్విన్ "సరే అంకుల్" అని ఫోన్ పెట్టేసింది. సోమవారం స్కూలు బస్సు రియర్‌వ్యూ అద్దంలో ఆమె కళ్లు చూసి పిల్లలు కూడా అల్లరి చెయ్యలేదు.

మార్చి వచ్చింది. పందెం రోజు నైరుతి గాలి రాత్రంతా నిద్రపోయి లేచినట్టు పొద్దున్నే విజృంభించింది. ఈతలో నీళ్లు బాగా మింగింది. సైకిల్ మొదటి చుట్టు కిందటేటికంటే నయం, కానీ మరీ అంత నయం కాదు. రెండో చుట్టులో ఉల్లి పొలాలు దాటి ఫ్యాక్టరీ గుట్ట మొదట్లోకి వచ్చేసరికి చేతి గడియారం పదకొండు దాటింది. మోచేతులు ఆనించి, గడ్డం దించి, ఒక్కో తొక్కూ లెక్కపెట్టుకుంటూ ఎక్కుతోంది.

గాలి ఆగిపోయింది.

హోరు ఒక్కసారిగా తెగింది. రెండుపక్కలా గడ్డి నేలకి వాలిపోయి కొట్టుకుంటోంది, ఆమె ముందు రోడ్డు వారగా ఒక్క చోట మాత్రం గడ్డి నిటారుగా నిలబడి, మెల్లగా ముందుకి కదులుతోంది. అంటే ఆయన గుంపులో చోటే వదిలేశాడు, రోడ్డు వదల్లేదు. ఎప్పటిలాగే గుట్ట మీద కాస్త నెమ్మదించి తొక్కుతున్నాడు. డెల్విన్ ఒళ్లంతా వదులైపోయింది. ఆ చాటు ఎంత హాయిగా ఉందంటే, ఒక్క నిమిషం, ఒక్కటంటే ఒక్క నిమిషం అక్కడే ఉండిపోవాలనిపించింది. వెనక మోటార్‌సైకిల్ చప్పుడు వినిపించింది. ఫిలిప్పా చేతిలో గడియారం ఉంటుంది. పాతిక సెకన్లు.

ఎనిమిది. తొమ్మిది. కళ్లెదుట ఎర్ర గళ్ల రుమాలు కదలాడింది. పన్నెండు. పదమూడు.

"నాన్నా," అంది గట్టిగా, "నేను వస్తున్నా."

కుడివైపుకి జరిగింది. తొడల్లో దాచుకున్నదంతా పెడల్ మీద పెట్టింది. ముందు చక్రం ఆ నిశ్శబ్దం పక్కకి వచ్చింది, మోకాలి దాకా వచ్చింది, భుజం దాకా వచ్చింది. డెల్విన్ తల తిప్పి చూసింది. అక్కడ ఏమీ లేదు, నిటారుగా నిలబడిన గడ్డి తప్ప. అయినా చూసింది, పదహారో ఏట సగంలో ఆపేసిన చూపుని పూర్తిచేస్తున్నట్టు చూసింది. ఈసారి వెనక్కి వెళ్లలేదు. ముందుకి జరిగింది, ఇంకా జరిగింది. గాలి మొత్తం ఒక్కసారిగా వచ్చి మొహాన కొట్టింది.

వెనకనుంచి లైబ్రరీలో ఎన్నడూ వినబడని గొంతుతో ఫిలిప్పా అరిచింది.

"క్లారీ! నిన్ను దాటేసింది! పన్నెండు మీటర్లు వెనక్కి, పన్నెండు!"

గుట్ట పైకి ఎక్కేదాకా డెల్విన్‌కి దారి సరిగ్గా కనబడలేదు. పన్నెండూ పంతొమ్మిదికి సైకిల్ దిగింది. దిగే గీత దగ్గరికి మోటార్‌సైకిల్ మీద వచ్చిన ఫిలిప్పా కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "దుమ్ము. పోవే, పరిగెత్తు," అంది. డెల్విన్ పరిగెత్తింది. చివర్లో నడిచింది కూడా. వయసువారీగా పదకొండో స్థానం వచ్చింది. ఆ సాయంత్రం బారులో అందరికీ తానే బీర్లు పోయించింది.

తర్వాతి శనివారం ఒళ్లునొప్పులు తగ్గాక, నెమ్మదిగా, అలవాటైన అయిదున్నరకే ఒంటరిగా బయల్దేరింది. లైట్‌హౌస్ చుట్టి వెనక్కి వస్తుంటే గుంపు ఎదురొచ్చింది. ఫ్యాక్టరీ గుట్టకి అవతల ఆరు కిలోమీటర్ల దూరంలో, ఎదురుగాలికి తలలు దించుకుని వస్తున్నారు. అందరూ చేతులెత్తి అరిచారు, రెనాటో ఏదో బూతు కూడా అన్నాడు. రెండో వరస నిండుగా ఉంది. డెల్విన్ గుండె కొంచెం బరువెక్కింది.

గుంపు చివర కనబడింది. చిట్టచివరి వరస తర్వాత ఒక సైకిల్ పట్టేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీకి జానెడు దూరంలో, ఆకుపచ్చ సైకిల్ మీద, నెవిల్ వస్తున్నాడు. రెండేళ్లుగా ఆ గుట్ట దాటి రానివాడు. హ్యాండిల్‌కి అమ్మకం అట్టముక్క కట్టిన దారం ఇంకా వేలాడుతోంది, అట్ట మాత్రం లేదు. పన్నెండు మీటర్లు వెనక్కి జరగమంటే క్లారీ అక్కడ ఆగలేదన్నమాట. జరిగి జరిగి, తోక దాకా జరిగిపోయాడు. నెవిల్ కూడా ఆయనకి అయినవాడే మరి.

డెల్విన్ జుట్టు గాలికి ఎగిరి మొహాన పడుతోంది. ఒక చేత్తో తోసుకుంటూ రోడ్డుకి అడ్డంగా కేకేసింది.

"నెవ్ అంకుల్! గాలి ఎలా ఉంది?"

నెవిల్ తల కూడా ఎత్తలేదు. కళ్లు ముందున్న ఖాళీ మీదే పెట్టుకుని, తీరిగ్గా తొక్కుకుంటూ ఆమె పక్కనుంచి సాగిపోయాడు.

"ఏ గాలీ?" అన్నాడు.